నైస్ అనే ఇంగ్లిష్ విశేషణం: అర్థం, పుట్టుక, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

నైస్ అంటే సరిగ్గా ఏమిటి?

ఇంపైనది, హాయిగా అనిపించేది, మనసుకు నచ్చేది. మనిషి గురించి చెబితే మంచివాడు, మర్యాదస్తుడు, ఎదుటివాళ్లను నొప్పించనివాడు. వాతావరణం, భోజనం, చీర, ఇల్లు, సాయంత్రం, దేని ముందైనా ఇట్టే అతుక్కుపోతుంది.

తెలుగులో "బాగుంది"కి దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. అక్కడే పప్పులో కాలు పడుతుంది. ఒంట్లో బాగాలేదు అనడానికి "ఐయామ్ నాట్ నైస్" అంటే, నేను మంచివాణ్ని కాను అని చెప్పుకున్నట్టు అవుతుంది. అక్కడ "ఐయామ్ నాట్ వెల్" అనాలి. బండి బాగైంది అనడానికి "ఇట్స్ ఫిక్స్‌డ్" అనాలి. ఆరోగ్యం, మరమ్మతు, పనితీరు గురించి మనం "బాగు" అన్నప్పుడు నైస్ పనికిరాదు. రుచి, అందం, మంచితనం గురించి అన్నప్పుడు పనికొస్తుంది.

ఈ మాట ఎక్కడ పుట్టింది?

లాటిన్‌లో. అక్కడి రూపం "నెస్కియుస్". "నె" అంటే కాదు, లేదు. "స్కీరె" అంటే తెలియడం. రెండూ కలిస్తే తెలియనివాడు, అజ్ఞాని. ఇది పాత ఫ్రెంచ్‌లోకి వచ్చేసరికి "నీస్" అయి, తెలివితక్కువవాడు, వెర్రిబాగులవాడు అనే అర్థం స్థిరపడింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచ్ మాటలు వేలకొద్దీ ఇంగ్లిష్‌లోకి చేరాయి. నైస్ కూడా ఆ దారినే వచ్చి 1300 ప్రాంతంలో ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది. 14వ శతాబ్దపు కవి చాసర్ దీన్ని మూర్ఖత్వం అనే అర్థంలోనే వాడాడు.

లాటిన్ "నె"కీ సంస్కృతంలో వ్యతిరేకార్థం చెప్పే "న"కీ మూలం ఒక్కటే. ఇక "స్కీరె" సంతానం పెద్దది. సైన్స్, కాన్షస్, కాన్షెన్స్, సర్వజ్ఞుడు అనే అర్థమిచ్చే ఆమ్నీషియంట్, అన్నీ దాని పిల్లలే. పుట్టుకను బట్టి చూస్తే సైన్స్ తెలివికి, నైస్ తెలివిలేమికి వారసులు. కాలిఫోర్నియాలోనో టెక్సాస్‌లోనో ఉంటూ స్పానిష్ చెవిన పడేవాళ్లు "నెసియో" అనే మాట విని ఉంటారు. అదీ నెస్కియుస్ నుంచి వచ్చిందే. స్పానిష్‌లో ఇప్పటికీ దాని అర్థం మూర్ఖుడు.

మరి "నీస్" కాస్తా "నైస్" ఎలా అయింది?

సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ తమ చోటు మార్చుకున్నాయి. ఆ మార్పులో "ఈ" క్రమంగా "ఐ" అయింది. టైమ్, మైస్ అనే మాటలు కూడా అంతకుముందు దాదాపు "టీమ్", "మీస్" అన్నట్టే వినిపించేవి. పలుకుబడి మారినా స్పెల్లింగ్ మారలేదు. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల కష్టాల్లో సగం ఆ మూడు వందల ఏళ్లలోనే పుట్టాయి.

మూర్ఖుడు అనే అర్థం మంచివాడుగా ఎలా మారింది?

ఒక్క గెంతులో కాదు. తెలివితక్కువవాడు అనే అర్థం మొదట ఒళ్లు తెలియకుండా ఆడంబరంగా తిరిగేవాడు, విలాసపురుషుడు అనే వైపు సాగింది. విలాసాలు మరిగినవాడికి ఏదీ ఒక పట్టాన నచ్చదు. ప్రతిదానికీ వంక పెడతాడు, ముట్టుకోవడానికి కూడా జంకుతాడు. అలా చాదస్తం, సుకుమారం, బిడియం అనే అర్థాలు చేరాయి. వంక పెట్టేవాడికి చిన్న తేడా కూడా కనిపిస్తుంది కదా. అక్కడి నుంచి, 16వ శతాబ్దం నాటికి, సూక్ష్మమైన, కచ్చితమైన అనే అర్థం బలపడింది. ఆ రోజుల్లో "నైస్ బ్యాలెన్స్" అంటే చక్కటి త్రాసు కాదు, రవ్వంత తేడా కూడా పట్టిచ్చే త్రాసు. ఇక సూక్ష్మమైన అభిరుచి ఉన్నవాడికి నచ్చిందంటే ఆ వస్తువు మేలైనదే అయి ఉండాలి. ఈ వరసలో 18వ శతాబ్దం రెండో సగానికి ఇంపైన, హాయైన అనే నేటి అర్థం వాడుకలోకి వచ్చింది. మనిషి పట్ల దయ, మర్యాద అనే అర్థం దాని వెనకే వచ్చింది.

ఇక్కడొక జాగ్రత్త. ఇలా మెట్లుమెట్లుగా చెప్పడం మన సౌకర్యం కోసమే. నిజానికి 16, 17 శతాబ్దాల్లో ఈ అర్థాలన్నీ ఒకేసారి తిరుగుతూ ఉండేవి. ఆ కాలపు వాక్యం ఒకటి ముందు పెట్టుకుంటే, అందులోని నైస్ చాదస్తమా, సూక్ష్మమా, అల్పమా అని తేల్చడం నిఘంటుకారులకే కష్టం. షేక్‌స్పియర్ "రోమియో అండ్ జూలియట్" అయిదో అంకంలో ఫ్రయర్ లారెన్స్ అనే క్రైస్తవ సన్యాసి తన ఉత్తరం "నైస్" కాదంటాడు. ఉత్తరం బాగోలేదని అనుకుంటే కథే తలకిందులవుతుంది. అదేమీ అల్పమైన ఉత్తరం కాదు, అందులో పెద్ద విషయం ఉంది అని ఆయన ఉద్దేశం. పాత సాహిత్యం చదివేటప్పుడు పనికొచ్చే ఉపాయం ఒకటే: 1750కి ముందు రాసిన దానిలో నైస్ కనిపిస్తే "మంచి" అనే అర్థాన్ని చిట్టచివర ప్రయత్నించండి.

ఎవరినైనా నైస్ అంటే లోలోపల మూర్ఖుడని తిట్టినట్టేనా?

కాదు. మాటకు పాత అర్థం ఉన్నంత మాత్రాన అది ఇప్పటి వాక్యంలోకి దొంగచాటుగా దూరదు. సోషల్ మీడియాలో "నైస్ అన్నారంటే అవమానించినట్టే" అని తిరిగే పోస్టులకు ఈ జవాబు చాలు. నాలుగు అక్షరాలకూ నాలుగు మాటలు కల్పించి, వాటి నుంచే ఇది పుట్టిందని చెప్పే పోస్టులూ కట్టుకథలే. పొడి అక్షరాలతో మాటలు కట్టే అలవాటు ఇంగ్లిష్‌లో ప్రధానంగా 20వ శతాబ్దంలో పెరిగింది. నైస్ వయసు ఏడు వందల ఏళ్లు.

ఇలా తిట్టు పొగడ్తగా మారడం తెలుగులోనూ ఉందా?

ఉంది. డీఎస్సీకి, టెట్‌కు చదివేవాళ్లు అర్థ విపరిణామం పాఠంలో దీన్ని అర్థోత్కర్ష, లేదా సౌమ్యత అనే పేరుతో చూస్తారు. ఒకప్పుడు "సభికుడు" అంటే జూదశాల నడిపేవాడు. ఇప్పుడు సభలో కూర్చున్న పెద్దమనిషి. నైస్‌ది అచ్చంగా ఇదే కోవ.

ఎదురు దారి పట్టిన మాటలూ ఉన్నాయి. "కంపు" అంటే ఒకప్పుడు వాసనే, ఇప్పుడు దుర్వాసన. ఛందస్సు, అంటే వేదం, చదివిన "ఛాందసుడు" ఇప్పుడు పాతకాలపు మనిషి అయ్యాడు. ఇంగ్లిష్‌లో ఈ ఎదురు దారికి పేరుమోసిన ఉదాహరణ "సిల్లీ". పాత ఇంగ్లిష్‌లో దాని మూలరూపానికి ధన్యుడు, దైవకృప పొందినవాడు అని అర్థం. అక్కడి నుంచి అమాయకుడు, జాలిపడదగినవాడు, చివరికి తెలివితక్కువవాడు. నైస్ విడిచిపెట్టిన చోటికి సిల్లీ వచ్చి చేరింది. పరీక్షలో అర్థోత్కర్షకు ఇంగ్లిష్ ఉదాహరణ రాయాలంటే నైస్, అర్థాపకర్షకు సిల్లీ రాయండి. ఒకదాని బదులు ఒకటి రాస్తే మార్కు పోతుంది.

స్కూల్లో "వ్యాసంలో నైస్ వాడొద్దు" అంటారు. ఎందుకు?

ఎందుకంటే అది అన్నిటికీ సరిపోతుంది. అన్నిటికీ సరిపోయే మాట ఏ ఒక్కదాని గురించీ ఏమీ చెప్పదు. ఈ ఫిర్యాదు కొత్తది కాదు. జేన్ ఆస్టిన్ నవల "నార్తాంగర్ ఆబీ" 1817 చివర్లో వచ్చింది. అందులో కథానాయిక ఒక పుస్తకాన్ని నైస్ అని మెచ్చుకుంటే కథానాయకుడు హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు: ఇవాళ వాతావరణం నైస్, మన నడక నైస్, మీరిద్దరూ నైస్ అమ్మాయిలు, ఎంత సులువైన మాట, అన్నిటికీ పనికొస్తుంది అని. పాతకాలంలో పొందికకూ మర్యాదకూ సున్నితత్వానికీ మాత్రమే వాడేవారేమో అని కూడా అంటాడు. అంటే ఆ తరం నాటికే కొత్త అర్థం పాతదాన్ని పక్కకు నెట్టేసిందన్నమాట.

నిషేధం అక్కర్లేదు గానీ, రాసేటప్పుడు నైస్ వచ్చిన ప్రతిచోటా "ఎందుకు బాగుంది?" అని ఒక్కసారి అడిగి చూడండి. కూర నైస్ అంటే ఉప్పూకారం సరిపోయాయా, ముక్క మెత్తగా ఉడికిందా? మొదటిదైతే "వెల్ సీజన్డ్", రెండోదైతే "టెండర్". టీచర్ నైస్ అంటే ఓపికమంతురాలైతే "పేషెంట్", అడక్కుండానే సాయం చేస్తే "థాట్‌ఫుల్". ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష ఐఇఎల్‌టీఎస్‌లో రైటింగ్, స్పీకింగ్ రెండింట్లోనూ పదసంపద నాలుగు కొలమానాల్లో ఒకటి. నైస్ ఒకసారి వచ్చినంత మాత్రాన ఎవరూ స్కోరు కోయరు. రెండు నిమిషాల ప్రసంగంలో ఊరు, హోటల్, స్నేహితుడు, సినిమా అన్నీ నైసే అయితే మాత్రం చెప్పడానికి వేరే మాటలు లేవని తెలిసిపోతుంది.

సిఫారసు లేఖలో మరింత జాగ్రత్త. "హి ఈజ్ ఎ నైస్ బాయ్" అని రాసి ఊరుకుంటే, చదివినవాళ్లకు చదువు గురించి చెప్పడానికి ఏమీ లేక అలా రాశారని అనిపిస్తుంది.

పాత అర్థం ఇప్పుడు ఎక్కడైనా బతికుందా?

కోర్టుల్లో. "ఎ నైస్ క్వశ్చన్ ఆఫ్ లా", "ఎ నైస్ పాయింట్", "ఎ నైస్ డిస్టింక్షన్" అంటే సూక్ష్మమైన, ఎటూ తేల్చడం కష్టమైన అంశం. న్యాయవాది "మంచి ప్రశ్న" వేశారని జడ్జి మెచ్చుకోవడం కాదు. తీర్పులను తెలుగులోకి తెచ్చేవాళ్లు, లా విద్యార్థులు ఇక్కడ "సూక్ష్మ న్యాయాంశం" లాంటి మాట వాడాలి.

నామవాచకంలోనూ ఆ అర్థం మిగిలింది. "నైస్‌నెస్" అంటే మంచితనం. "నైసెటీ" అంటే సూక్ష్మభేదం, లోతైన మెలిక. రెండోదాన్ని మూడు అక్షరాలుగా, "నై-సె-టీ" అని పలకాలి. "నైసెటీస్ ఆఫ్ గ్రామర్" అంటే వ్యాకరణంలోని బారీకులు.

మనం "పిండి నైస్‌గా పట్టించు" అంటాం. అది ఇంగ్లిష్ నైసేనా?

మాట అదే, పని వేరు. తెలుగువాళ్ల నోట నైస్ అంటే చాలాసార్లు మెత్తన, నున్నన. మరలో బియ్యప్పిండి నైస్‌గా పడుతుంది, లేకపోతే బరకగా. పచ్చడి నైస్‌గా రుబ్బుతారు, లేకపోతే కచ్చాపచ్చాగా. చెక్కను గరుకు కాగితంతో రుద్ది నైస్ చేస్తారు. బట్ట చేతికి జారుతుంటే నైస్‌గా ఉందంటారు. ఇంకో అర్థం మనుషుల మీద: "నైస్‌గా జారుకున్నాడు", "నైస్‌గా మాట్లాడి పని కానిచ్చుకున్నాడు". అంటే ఎవరికీ తెలియకుండా, లౌక్యంగా. తమిళులూ ఇలాగే వాడతారు. ఇంగ్లిష్ పాత అర్థమైన సూక్ష్మానికి ఇది దగ్గరగా వినిపిస్తుంది గానీ, పోలిక కనిపించినంత మాత్రాన చుట్టరికం కలిపేయకూడదు.

విదేశాల్లో చిక్కు ఇక్కడే. అమెరికన్ పొరుగింటావిడకు చట్నీ చెబుతూ "గ్రైండ్ ఇట్ నైస్" అంటే ఆమెకు అర్థమయ్యేది "చక్కగా రుబ్బు" అని, ఎంత మెత్తగా అన్నది కాదు. పొడి పదార్థానికి "గ్రైండ్ ఇట్ ఫైన్", తడి ముద్దకు "టు ఎ స్మూత్ పేస్ట్", బరకకు "కోర్స్" అనాలి. గారెల పిండికి నీళ్లు చాలా తక్కువ, దోసెల పిండికి ఎక్కువ అని కూడా చెప్పాలి. "స్మూత్" అన్నారు కదా అని గారెల పిండిలో నీళ్లు పోసేస్తే పిండి పలచనై, గారె చేతిలో నిలవదు, నూనె లాగేస్తుంది.

నైస్ వాడాలా, నైస్లీ వాడాలా?

తెలుగువాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కారణం మన "గా". "ఇల్లు నైస్‌గా ఉంది", "అమ్మాయి నైస్‌గా పాడింది", రెండింట్లోనూ మనకు "గా" వస్తుంది. ఇంగ్లిష్‌లో మొదటిదానికి విశేషణం: "ద హౌస్ ఈజ్ నైస్". రెండోదానికి క్రియావిశేషణం: "షి శాంగ్ నైస్లీ". అందుకే "ద ఫుడ్ ఈజ్ నైస్లీ", "షి శాంగ్ వెరీ నైస్" అనే రెండు రకాల తప్పులూ దొర్లుతాయి.

సులువైన పరీక్ష: క్రియ తీసేసి ఆ చోట "ఈజ్" పెట్టి చూడండి. "ద సూప్ స్మెల్స్ నైస్" బదులు "ద సూప్ ఈజ్ నైస్" అన్నా అర్థం కుదురుతుంది, కాబట్టి నైస్. లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్ అనే క్రియలన్నీ ఈ జాతివే. "షి ఈజ్ నైస్" అంటే పాట గురించిన మాటే ఉండదు, కాబట్టి అక్కడ నైస్లీ. అమెరికాలో పిల్లలతో "ప్లే నైస్" అంటారు, అది ఇంట్లో మాట్లాడే ఇంగ్లిష్. పరీక్షలో "నైస్లీ" రాయండి.

వాక్యంలో దాని చోటు ఎక్కడ?

విశేషణాలు వరసగా వస్తే అభిప్రాయం చెప్పేది ముందు వస్తుంది. "ఎ నైస్ ఓల్డ్ వుడెన్ టేబుల్" అంటారు, "యాన్ ఓల్డ్ నైస్ టేబుల్" అనరు. తరతమ రూపాలు నైసర్, నైసెస్ట్. "మోర్ నైసర్" అంటే రెండుసార్లు చెప్పినట్టు.

"నైస్ అండ్ వార్మ్" అంటే మంచిది, పైగా వెచ్చనిది అని కాదు. హాయిగా సరిపడా వెచ్చగా ఉందని. ఈ రూపం క్రియ తర్వాత బాగుంటుంది: "ద రూమ్ ఈజ్ నైస్ అండ్ వార్మ్". నామవాచకం ముందైతే "అండ్" తీసేసి "ఎ నైస్ వార్మ్ రూమ్" అంటే సహజం.

"టూ నైస్" అంటే చాలా బాగుందనా?

"వెరీ నైస్" అంటే చాలా బాగుంది. "టూ నైస్" అంటే మోతాదు మించింది. "యువర్ మేనేజర్ ఈజ్ టూ నైస్" అంటే అతి మెతక, ఎవరినీ ఏమీ అనలేడు అనే అర్థం రావచ్చు.

"క్వైట్ నైస్"తో ఇంకో తిరకాసు. అమెరికాలో అది "చాలా బాగుంది" వైపు మొగ్గుతుంది. బ్రిటన్‌లో "ఫరవాలేదు" అన్నట్టు కిందికి దిగుతుంది. లండన్ క్లయింట్ మీ డిజైన్‌ను "క్వైట్ నైస్" అంటే సంబరపడకముందే ఏం మార్చాలో అడగడం మేలు.

"నైస్ టు మీట్ యూ", "నైస్ టు సీ యూ", "నైస్ మీటింగ్ యూ" – ఏది ఎప్పుడు?

మొదటి పరిచయంలో, మాట మొదలుపెట్టేటప్పుడు "నైస్ టు మీట్ యూ". ముందే తెలిసినవాళ్లు మళ్లీ కలిస్తే "నైస్ టు సీ యూ". కొత్తగా పరిచయమైనవాళ్ల దగ్గర సెలవు తీసుకునేటప్పుడు "నైస్ మీటింగ్ యూ". రెండోసారి కలిసినవాళ్లతో "నైస్ టు మీట్ యూ" అంటే మొదటి పరిచయం మీకు గుర్తులేదని ఒప్పుకున్నట్టే. జవాబుగా "యూ టూ" చాలు.

"నైస్ ఆఫ్ యూ", "నైస్ ఫర్ యూ" ఒకటేనా?

కాదు. "ఇట్స్ నైస్ ఆఫ్ యూ టు కమ్" అంటే మీరు రావడం మీ మంచితనం. "నైస్ ఫర్ యూ" అంటే అది మీకు హాయి, మీకు లాభం. రెండోదాన్ని సాగదీసి అంటే "నీకేం, హాయిగా ఉన్నావు" అనే దెప్పుపొడుపు వినిపిస్తుంది. ఎవరైనా మీకు సాయం చేసినప్పుడు "ఆఫ్" ఒక్కటే సరైనది.

వెటకారంగా అన్నారని ఎలా తెలుస్తుంది?

పక్కనున్న మాట చూడండి. "ఎ నైస్ మెస్" అంటే మెస్ ఎలాగూ మంచిది కాదు, కాబట్టి అది వెటకారమే. "నైస్ ట్రై" స్నేహితుల మధ్య ఓదార్పు కావచ్చు, బేరం దగ్గర మాత్రం "నీ ఎత్తు నాకు తెలిసిపోయిందిలే" అని. చాట్‌లో ఉత్త "నైస్" రాసి ఫుల్‌స్టాప్ పెడితే చాలామందికి ముభావంగా అనిపిస్తుంది. ఏది నచ్చిందో రెండు మాటలు కలిపితే ఆ అనుమానం రాదు.

నైస్ క్లాసిఫికేషన్, నైస్ నగరం, వీటికీ ఈ మాటకూ సంబంధం ఉందా?

లేదు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఆ నగరాన్ని "నీస్" అని పలకాలి. దాని పేరు గ్రీకు "నికాయా" నుంచి వచ్చింది, విజయం అనే అర్థమిచ్చే "నికే" దానికి మూలం. నైస్ క్లాసిఫికేషన్ అంటే ట్రేడ్‌మార్కుల వర్గీకరణ. 1957లో ఆ ఊళ్లో కుదిరిన ఒప్పందం నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు పెట్టారు. మొత్తం 45 తరగతులు: 1 నుంచి 34 దాకా వస్తువులు, 35 నుంచి 45 దాకా సేవలు. భారత్ 2019లో ఆ ఒప్పందంలో చేరింది. ఇంటి దగ్గర పచ్చళ్లు, పొడులు చేసి సొంత పేరుతో అమ్మేవాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం. ఆవకాయలాంటి పచ్చళ్లు 29వ తరగతిలో, కారం, మసాలా పొడులు 30వ తరగతిలో వస్తాయి. ఫీజు తరగతికి ఇంత అని ఉంటుంది. ఒక్క 29లోనే దరఖాస్తు చేస్తే పొడుల మీద ఆ పేరుకు రిజిస్ట్రేషన్ రానట్టే.

కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో నైస్ అనే కమాండ్ ఉంది కదా, అదేమిటి?

అది మాత్రం మన నైసే. ఒక ప్రోగ్రాము మిగతావాటికి ఎంత మర్యాదగా దారి ఇస్తుందో చెప్పే అంకె అది. మైనస్ 20 నుంచి 19 దాకా ఉంటుంది, మామూలుగా 0. అంకె పెరిగేకొద్దీ ప్రోగ్రాము మరింత "మంచిది" అవుతుంది, అంటే ప్రాసెసర్ సమయం కోసం వెనక్కి తగ్గుతుంది. అంకె చెప్పకుండా ఉత్త నైస్‌తో ప్రోగ్రామును మొదలుపెడితే 10 కలుస్తుంది. నడుస్తున్నదాన్ని మార్చడానికి రీనైస్ వాడాలి. మామూలు యూజర్ అంకెను పెంచుకోగలడు, తగ్గించడానికి సాధారణంగా రూట్ అధికారం, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం కావాలి. కొత్తవాళ్లు రెండు చోట్ల పొరపడతారు. పెద్ద అంకె ఇస్తే వేగం పెరుగుతుందనుకుని 19 ఇచ్చి, పని ఎందుకు నత్తనడక నడుస్తోందని తల పట్టుకుంటారు. రెండోది, పాత పద్ధతిలో "ఎన్" అక్షరం లేకుండా అడ్డగీత పెట్టి 10 అని రాస్తారు. చూడటానికి మైనస్ 10లా ఉన్నా అది ప్లస్ 10 కిందే లెక్క. అడ్డగీత, ఎన్, ఖాళీ, ఆ తర్వాత అంకె రాస్తే ఈ గందరగోళం ఉండదు.